ఫ్రేమ్‌వర్క్ దాచేదెంత, చూపాల్సిందెంత: ఓఆర్‌ఎమ్ వాదంపై ఒక సమీక్ష

వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో సైట్లు కట్టేవాళ్లను రోజూ సతాయించేవి పెద్ద పెద్ద సిద్ధాంత సమస్యలు కావు. లాప్‌టాప్‌లో చిటికెలో తెరుచుకున్న పేజీ సర్వర్ మీదికి వెళ్లాక ఎందుకు మొరాయిస్తోంది? ఒక్కటే మిగిలిన సరుకు ఇద్దరికి ఎలా అమ్ముడుపోయింది? శీర్షిక తెలుగులో పెడితే లింకు ఎందుకు ఖాళీగా వస్తోంది? అన్నీ ఇలాంటివే. విడివిడిగా వెతికితే ప్రతిదానికీ జవాబు దొరుకుతుంది, చాలాసార్లు ఒకటి రెండు లైన్లు మారిస్తే పని అయిపోతుంది. కానీ అన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే. మన తరఫున ఫ్రేమ్‌వర్క్ చేసిపెట్టే పనిలో ఎంత మన కంటికి కనబడాలి, ఎంత కనబడకపోయినా ఫర్వాలేదు?

ఈ ప్రశ్న మీద అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది డేటాబేస్ పొర దగ్గర. టేబుల్‌లోని వరసను ప్రోగ్రామింగ్ భాషలోని ఆబ్జెక్ట్‌గా మార్చి చేతికిచ్చే భాగాన్ని ఓఆర్‌ఎమ్ అంటారు. ఎస్‌క్యూఎల్ రాయకుండానే డేటా తీయడానికీ దాచడానికీ అది వీలు కల్పిస్తుంది. అది వరమా, శాపమా అని ఇరవై ఏళ్లకు పైగా వాదించుకుంటున్నారు. ఒకరు వేగం గురించి మాట్లాడితే ఇంకొకరు భద్రత గురించి, మరొకరు నేర్చుకునే సులువు గురించి మాట్లాడడంతో వాదం చిక్కుపడిపోయింది. ఆ చిక్కును విడదీసి చూస్తే తేలేది ఒకటుంది. ఓఆర్‌ఎమ్ వాడాలా, ఎస్‌క్యూఎల్ రాయాలా అన్నది రెండో ప్రశ్న. ఆ పొర తప్పినప్పుడు గట్టిగా చెబుతుందా, నోరు మూసుకుని ఊరుకుంటుందా అన్నది మొదటి ప్రశ్న. రోజువారీ తిప్పల్లో చాలా వాటికి మూలం ఇలా నోరు మూసుకుని ఊరుకోవడమే.

వాదం ఎలా మొదలైంది

రిలేషనల్ నమూనాను ఇ.ఎఫ్. కాడ్ ప్రతిపాదించింది 1970లో. దాని మీద ఐబీఎమ్ పరిశోధకులు తయారుచేసిన భాషే తర్వాత ఎస్‌క్యూఎల్ అయింది. టేబుళ్లు, వరసలు, వాటి కలయికలు దాని ప్రపంచం. ఆ తర్వాత ప్రాచుర్యంలోకి వచ్చిన ఆబ్జెక్ట్ భాషల ప్రపంచం వేరు. అక్కడ ఒక వస్తువు ఇంకో వస్తువును నేరుగా పట్టుకుని ఉంటుంది. ఈ రెంటి పొసగనితనాన్ని ఏదో ఒక పొర సర్దాల్సిందే. 1990ల చివర, 2000ల మొదట్లో పీహెచ్‌పీ పేజీలు రాసినవాళ్లు ఈ సర్దుబాటును చేత్తోనే చేసేవారు. హెచ్‌టీఎమ్‌ఎల్ మధ్యలో ఎస్‌క్యూఎల్ ముక్కలు, వాటిలో వాడుకరి టైపు చేసిన మాటలు కలగలిసి ఉండేవి. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ దాడులకు ఆ అలవాటు తలుపులు బార్లా తెరిచింది.

జావాలో గావిన్ కింగ్ 2001లో మొదలుపెట్టిన హైబర్నేట్ ఈ సర్దుబాటును యంత్రానికి అప్పగించింది. మార్టిన్ ఫౌలర్ 2002లో తన పుస్తకంలో రెండు పద్ధతులకు పేర్లు స్థిరపరిచాడు. ఆబ్జెక్టే తనను తాను దాచుకునేది యాక్టివ్ రికార్డ్. ఆబ్జెక్ట్‌కూ డేటాబేస్‌కూ మధ్య వేరే మధ్యవర్తి ఉండేది డేటా మ్యాపర్. మొదటి దాన్ని డేవిడ్ హైన్‌మెయర్ హాన్సన్ 2004లో విడుదల చేసిన రూబీ ఆన్ రైల్స్ ప్రపంచమంతా పాకించింది. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం లారెన్స్ ఊళ్లో ఒక దినపత్రిక వెబ్ విభాగంలో పుట్టి 2005లో బయటికొచ్చిన జాంగో, 2011లో టేలర్ ఆట్‌వెల్ తెచ్చిన లారవెల్ అదే బాట పట్టాయి. రెండో పద్ధతికి పైథాన్‌లో 2006లో మొదలైన ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ ప్రతినిధి.

ఎదురుదాడికి ఎంతో కాలం పట్టలేదు. 2006లోనే టెడ్ న్యూవర్డ్ అనే రచయిత ఓఆర్‌ఎమ్‌ను కంప్యూటర్ శాస్త్రపు వియత్నాంగా వర్ణించాడు. దిగడం తేలిక, ముందుకెళ్లేకొద్దీ ఊబి, వెనక్కి రావడం కష్టం అన్నది అతని వాదన. దానికి నాలుగేళ్ల ముందే జోయెల్ స్పోల్‌స్కీ, కాస్త సంక్లిష్టమైన ఏ సౌకర్యమైనా ఎక్కడో ఒకచోట కారకుండా ఉండదని సూత్రీకరించాడు. అదే 2006లో జాంగో తన 0.95 విడుదలలో కంటికి కనబడకుండా జరిగిపోయే మాయలను చాలావరకు తొలగించింది. అంటే విమర్శ బయటివాళ్లదే కాదు, కట్టినవాళ్లకూ అది తెలుసు.

తర్వాతి జాంగో చరిత్రను ఈ దృష్టితో చదివితే ఒక వరస కనబడుతుంది. 2009లో లెక్కను డేటాబేస్‌లోనే చేయించే ఎఫ్ ఎక్స్‌ప్రెషన్లు, 2011లో క్వెరీల సంఖ్యను పరీక్షలో బిగించే వీలు, 2012లో సంబంధిత వరసలను ముందే తెచ్చుకునే ప్రీఫెచ్, వరసకు తాళం వేసే వీలు, 2013లో కొన్ని కాలమ్‌లనే సేవ్ చేసే వీలు, 2019లో డేటాబేస్ స్థాయి చెక్ నిబంధనలు వచ్చాయి. డేటాబేస్‌ను దాచడానికి కట్టిన గోడకు ఒక్కో కిటికీ పెడుతూ వచ్చారన్నమాట.

మూడు వాదాలు

మొదటి వాదం ఫ్రేమ్‌వర్క్‌ను నమ్మమంటుంది. రైల్స్ సృష్టికర్త 2012లో తన ఫ్రేమ్‌వర్క్‌ను వంటవాడే వంటకాలు ఎంచి వడ్డించే జపనీస్ భోజనంతో పోల్చింది ఈ ధోరణిలోనే. చిన్న బృందం త్వరగా సైట్ నిలబెట్టాలి, కొత్తగా చేరినవాడు పాత కోడ్ చదివి వెంటనే అర్థం చేసుకోవాలి, ఫారాలు, అడ్మిన్ పేజీలు, మైగ్రేషన్లు ఒకే మోడల్ నిర్వచనం నుంచి పుట్టుకురావాలి అని వీళ్ల కోరిక. భద్రత విషయంలో వీళ్ల మాటకు బలముంది. విలువలను క్వెరీ నుంచి వేరుగా పంపడాన్ని ఓఆర్‌ఎమ్ అలవాటుగా చేసేసింది. అలాగని అది పూర్తి కవచమూ కాదు. వాడుకరి నుంచి వచ్చిన డిక్షనరీని అలాగే అందిస్తే అన్నొటేట్, అగ్రిగేట్ పద్ధతుల్లో ఇంజెక్షన్‌కు దారి ఉందని తేలి, 2022 ఏప్రిల్‌లో జాంగో బృందమే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది.

రెండో వాదం ఎస్‌క్యూఎల్‌కే పీట వేస్తుంది. ఫ్రేమ్‌వర్కులు వస్తాయి, పోతాయి, యాభై ఏళ్లుగా నిలిచింది ఎస్‌క్యూఎల్ కాబట్టి దాన్నే నేర్చుకుని దాన్నే రాయండి అంటారు వీళ్లు. స్టాక్ ఓవర్‌ఫ్లో బృందం 2011లో బయటపెట్టిన డాపర్ ఈ దారిలోది. అది ఎస్‌క్యూఎల్‌ను మనచేతే రాయించి, ఫలితాన్ని మాత్రం ఆబ్జెక్టులుగా మారుస్తుంది. గో భాషలో ఎస్‌క్యూఎల్‌సీ కూడా మనం రాసిన క్వెరీల నుంచి కోడ్ తయారుచేస్తుంది. ఏ క్వెరీ వెళ్తోందో ఎదురుగా కనబడడం వీళ్ల బలం. వాడుకరి ఎంచుకున్న వడపోతలను బట్టి క్వెరీ మారాల్సిన చోట తడబడడం వీళ్ల బలహీనత. ధర, ఊరు, రంగు, తేదీ అంటూ ఆరు వడపోతలు పెడితే ముక్కలు అతికించక తప్పదు. ఆ అతికింపును పద్ధతిగా రాయబోతే చివరికి ఒక చిన్న సొంత ఓఆర్‌ఎమ్ తయారవుతుంది, పరీక్షలూ పత్రాలూ లేకుండా.

మూడో వాదానికి జెండా లేదుగానీ, పదేళ్లుగా బలపడుతున్నది ఇదే. ఓఆర్‌ఎమ్ ఉండాలి, అడగని క్వెరీని మాత్రం అది వేయకూడదు అంటుంది. ఎలిక్సిర్ భాషలోని ఎక్టో సంబంధిత వరసను తనంతట తాను తెచ్చిపెట్టదు. ఇంకా లోడ్ కాలేదని చెప్పే గుర్తును మాత్రం చేతిలో పెడుతుంది. రైల్స్ 2020 డిసెంబరులో 6.1తో, ముందే తెచ్చుకోని వరసను ముట్టుకుంటే ఎర్రర్ ఇచ్చే స్ట్రిక్ట్ లోడింగ్‌ను తెచ్చింది. లారవెల్ 2021లో, ఇలా అడగకుండా తెచ్చిపెట్టే లేజీ లోడింగ్‌ను ఆపేసే స్విచ్ ఇచ్చింది. ఎస్‌క్యూఎల్ ఆల్కెమీలో రెయిజ్‌లోడ్ ఉంది. మైక్రోసాఫ్ట్ ఈఎఫ్ కోర్‌లో లేజీ లోడింగ్ కావాలంటే మనమే ఆన్ చేసుకోవాలి. వేర్వేరు భాషల వాళ్లు ఒకే చోటికి వచ్చి చేరడం ఈ వాదానికి అనుకూలమైన సాక్ష్యం.

ఒక జాబితా పేజీ

వాదాలను పరీక్షించడానికి మొదటి ఉదాహరణ అందరికీ తెలిసిన ఎన్ ప్లస్ వన్ సమస్య. ఒక వార్తల సైట్ మొదటి పేజీలో 50 వ్యాసాలున్నాయి, ప్రతిదాని కింద రచయిత పేరు పడాలి. వ్యూలో వ్యాసాల జాబితాను అడుగుతారు, అది ఒక క్వెరీ. టెంప్లేట్‌లో లూప్ పెట్టి వ్యాసం డాట్ రచయిత డాట్ పేరు అని రాస్తారు. చూడ్డానికి అది ఆబ్జెక్ట్‌లోని ఒక విలువను చదవడమే. నిజానికి లూప్ తిరిగిన ప్రతిసారీ రచయిత కోసం ఒక కొత్త క్వెరీ డేటాబేస్‌కు వెళ్తుంది. మొత్తం 51. విభాగం పేరు, వ్యాఖ్యల సంఖ్య కూడా అలాగే వేస్తే 151. డేటాబేస్ ఇంకో యంత్రంలో ఉండి ఒక్కో రాకపోకకు 2 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, 302 మిల్లీసెకన్లు రాకపోకలకే ఖర్చు. లాప్‌టాప్‌లో డేటాబేస్ పక్కనే ఉంటుంది, పరీక్ష కోసం పెట్టిన వ్యాసాలు పది మించవు కాబట్టి అక్కడ తేడా తెలియదు.

సరిచేయడం ఎంత తేలికో చెప్పనక్కర్లేదు. వ్యూలో సెలెక్ట్ రిలేటెడ్ అని ఒక్క మాట చేర్చి రచయిత పేరు ఇస్తే జాయిన్‌తో ఒకే క్వెరీ అవుతుంది. ట్యాగుల్లాంటి అనేకానికి అనేక సంబంధమైతే ప్రీఫెచ్ రిలేటెడ్‌తో రెండు క్వెరీలు సరిపోతాయి. కష్టమంతా కనిపెట్టడంలోనే ఉంది. క్వెరీని తయారుచేసిన ఫైలు ఒకటి, దాన్ని 50 సార్లు రేపిన ఫైలు ఇంకొకటి. రెండోదాన్ని రాసింది డేటాబేస్ గురించి ఆలోచించాల్సిన అవసరమే లేదనుకున్న డిజైనర్ అయి ఉండొచ్చు. 2018లో ఐసీఎస్‌ఈ సదస్సుకు వచ్చిన ఒక అధ్యయనం ఈ సంగతినే అంకెల్లో చూపింది. డేటాబేస్ ఆధారిత వెబ్ అప్లికేషన్లు 12 తీసుకుని, రెండు వందలకు పైగా వేగ సమస్యలను పరిశీలించి, పరిశోధకులు 64 సమస్యలను స్వయంగా సరిచేశారు. మధ్యస్థంగా రెండు రెట్ల వేగం పెరిగింది, కొన్నిచోట్ల 39 రెట్లు. చాలా సవరణలకు ఐదు లైన్లు కూడా పట్టలేదు. ఐదు లైన్లతో పోయే జబ్బు ఏళ్ల తరబడి కోడ్‌లో ఉండిపోయిందంటే, లోపించింది మందు కాదు, రోగ నిర్ధారణ.

ఈ సమస్యను ఒక్కొక్కరు ఒక్కోలా చూస్తారు. ఎస్‌క్యూఎల్ పక్షం ఇది ఓఆర్‌ఎమ్ పాపమంటుంది. కానీ ఎస్‌క్యూఎల్‌ను చేత్తో రాసి, రచయితను తెచ్చే ఫంక్షన్‌ను లూప్‌లో పిలిచినా అవే 51 క్వెరీలు పడతాయి. తేడా ఒక్కటే, అక్కడ ఫంక్షన్ పిలుపు కంటికి కనబడుతుంది. మరోవైపు ఎస్‌క్యూలైట్ బృందం తన పత్రాల్లో, తమ డేటాబేస్‌కు చిన్న చిన్న క్వెరీలు ఎన్ని పడినా ఇబ్బంది లేదని వివరిస్తుంది. తమ సైట్‌లో ఒక డైనమిక్ పేజీకి దాదాపు 200 క్వెరీలు మామూలేనని చెబుతుంది. అది నిజమే. ఎస్‌క్యూలైట్ ప్రోగ్రామ్ లోపలే నడుస్తుంది కాబట్టి నెట్‌వర్క్ రాకపోక లేదు. అంటే ఎన్ ప్లస్ వన్ అన్నిచోట్లా తప్పు కాదు, ఎక్కడ తప్పో తెలియాలంటే మాత్రం అది జరుగుతోందని ముందు తెలియాలి. తెలిసినా అతి చేయకూడదు. ప్రతి సంబంధాన్నీ ముందే జాయిన్ చేసి తెచ్చుకుంటే, పేజీలో వాడని కాలమ్‌లు వరస వరసకూ మోసుకొచ్చే ఎదురు దోషం పుడుతుంది.

ఒక సరుకు లెక్క

రెండో ఉదాహరణ నెమ్మదితనం గురించి కాదు, తప్పుడు లెక్క గురించి. నిల్వలో 5 ఉన్న వస్తువును అమ్మే కోడ్ ఇలా ఉంటుంది: వస్తువును తీసుకో, నిల్వ నుంచి ఒకటి తగ్గించు, సేవ్ చెయ్. మూడు పంక్తుల్లోనూ తప్పు కనబడదు. ఇద్దరు కొనుగోలుదారులు ఒకే క్షణంలో వస్తే ఇద్దరి కోడూ 5 చదువుతుంది, ఇద్దరి కోడూ 4 రాస్తుంది. రెండు వస్తువులు పోయాయి, లెక్కలో ఒకటే తగ్గింది. జాంగోలో ఇంకో మెలిక కూడా ఉంది. సేవ్ మామూలుగా అన్ని కాలమ్‌లనూ తిరిగి రాస్తుంది. అందువల్ల ధర ఒక్కటే మార్చే కోడ్, తాను ముట్టుకోని నిల్వను కూడా వస్తువును చదివినప్పటి పాత విలువకు తిప్పేయగలదు. రైల్స్ 2008 నుంచే మారిన కాలమ్‌లను మాత్రమే రాస్తోంది కాబట్టి ఈ రెండో ప్రమాదం అక్కడ తక్కువ. మొదటిది మాత్రం అక్కడా ఉంది.

పరిష్కారాలు తెలిసినవే. ఎఫ్ ఎక్స్‌ప్రెషన్ వాడితే తగ్గింపు డేటాబేస్‌లోనే జరుగుతుంది. వరసకు తాళం వేస్తే రెండోవాడు ఆగుతాడు. నిల్వ సున్నా కంటే తగ్గకూడదని చెక్ నిబంధన పెడితే మిగిలిన పొరపాటు డేటాబేస్ దగ్గర పట్టుబడుతుంది. వీటిలో మూడోది వేరే కోవకు చెందింది. మొదటి రెండూ తప్పు జరగకుండా చూస్తాయి. మూడోది తప్పు జరిగితే గోల చేస్తుంది. 2015లో సిగ్‌మాడ్ సదస్సులో పీటర్ బెయిలిస్ బృందం సమర్పించిన పరిశోధన 67 ఓపెన్ సోర్స్ రైల్స్ అప్లికేషన్లను చూసింది. డెవలపర్లు డేటాబేస్ ట్రాన్సాక్షన్ల కంటే అప్లికేషన్ స్థాయి తనిఖీలనే ఎన్నో రెట్లు ఎక్కువగా నమ్ముకుంటున్నారని తేల్చింది. ఆ తనిఖీల్లో ఎక్కువ భాగం హానిలేనివే. మిగిలినవి మాత్రం రద్దీలో నకిలీ వరసలను లోపలికి రానిస్తాయి. ఈమెయిలు ఒకసారే ఉండాలని మోడల్‌లో తనిఖీ రాసి, డేటాబేస్‌లో యూనిక్ నిబంధన పెట్టకపోవడం ఇందుకు సాధారణ రూపం. తనిఖీ ఉంది కదా అన్న ధీమా అక్కడ అసలు రక్షణకు అడ్డొస్తుంది.

ఒక తెలుగు శీర్షిక

మూడో ఉదాహరణ తెలుగు సైట్లు కట్టేవాళ్లకు నేరుగా తగిలేది. శీర్షిక నుంచి లింకు తయారుచేసే స్లగిఫై అనే ఫంక్షన్ జాంగోలో ఉంది. మామూలు అమరికలో అది ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు తప్ప అన్నిటినీ తీసేస్తుంది. "తెలుగు వార్తలు" ఇస్తే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. ఎర్రర్ రాదు. యూనికోడ్‌ను అనుమతించే అమరిక 1.9 నుంచి ఉందిగా అని దాన్ని ఆన్ చేస్తే ఫలితం "తలగ-వరతల". కారణం పైథాన్ రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల లోతులో ఉంది. పదంలో భాగమయ్యే అక్షరాలంటే అక్కడ అక్షరమాల అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే. మన గుణింతపు గుర్తులూ పొల్లూ ఆ లెక్కలోకి రావు కాబట్టి ఫంక్షన్ వాటిని చెత్తగా భావించి ఊడ్చేస్తుంది. కల, కాలు, కీలు, కూలి అన్న నాలుగు శీర్షికలకూ ఒకటే స్లగ్ వస్తుంది: "కల".

ఇదే ఫ్రేమ్‌వర్క్‌లో మరో భాగం ఎలా ప్రవర్తిస్తుందో చూస్తే మన ప్రధాన వాదన స్పష్టమవుతుంది. యూనికోడ్ అనుమతించిన స్లగ్ ఫీల్డ్‌లో వాడుకరి స్వయంగా "తెలుగు" అని గుణింతాలతో టైపు చేస్తే ఫారం ఒప్పుకోదు, ఎర్రర్ చూపిస్తుంది. రెండు భాగాలకూ తెలుగు గురించి ఉన్న అజ్ఞానం ఒక్కటే, పైథాన్ నియమమూ ఒక్కటే. కానీ ఫారం ఎర్రర్‌ను డెవలపర్ మొదటి రోజే పట్టుకుంటాడు. స్లగిఫై చేసిన నష్టం ఎప్పుడు బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. ఓఆర్‌ఎమ్‌తో ఏ సంబంధమూ లేని చోట కూడా, గట్టిగా చెప్పడమా ఊరుకోవడమా అన్న అదే గీత మంచినీ చెడునూ వేరు చేస్తోంది.

పక్కపక్కన పెడితే

మూడు వాదాలనూ ఈ మూడు సమస్యల ముందు నిలబెడితే లెక్క ఇలా తేలుతుంది.

ఫ్రేమ్‌వర్క్‌ను నమ్మే పక్షం: మొదలుపెట్టే వేగం, ఇంజెక్షన్ నుంచి రక్షణ, కోడ్‌లో ఏకరూపత దీని లాభాలు. జాబితా పేజీలోనూ సరుకు లెక్కలోనూ తప్పును దాచే గుణం దీని నష్టం.

ఎస్‌క్యూఎల్ పక్షం: క్వెరీ కనబడుతుంది, నివేదికలకూ సంక్లిష్ట లెక్కలకూ సాటిలేదు. మారే వడపోతల దగ్గర శ్రమ, ప్రమాదం రెండూ పెరుగుతాయి. చదివి తగ్గించి రాసే తప్పును ఇదీ ఆపదు.

అడగనిదే క్వెరీ వేయని పక్షం: జాబితా పేజీ సమస్యను పుట్టిన చోటే పట్టిస్తుంది. రాయాల్సిన మాటలు కాస్త పెరుగుతాయి. ఏకకాల రాతల సమస్యకు దీని దగ్గరా మందు లేదు, అందుకు డేటాబేస్ నిబంధనలే కావాలి.

మూడో ఉదాహరణను ఈ మూడు పక్షాల్లో ఏదీ పట్టించుకోదు. వాదమంతా ఇంగ్లిష్ డేటా చుట్టూ తిరగడమే కారణం.

అభ్యంతరాలు

ఇలా మొదటి నుంచే ఎర్రర్లు విసిరితే కొత్తవాళ్లు బెదిరిపోతారన్నది మొదటి అభ్యంతరం. ఇందులో న్యాయముంది. అయితే గోల ప్రొడక్షన్‌లో చేయనక్కర్లేదు. లారవెల్ పత్రాలు లేజీ లోడింగ్ నిషేధాన్ని ప్రొడక్షన్ కాని చోట్ల పెట్టుకోమని చూపిస్తాయి. రైల్స్‌లో ఉల్లంఘనను ఎర్రర్‌గా కాకుండా లాగ్‌లో రాయించే వీలుంది. పైగా కొత్తవాడికి ఎర్రర్ కంటే పెద్ద గురువు లేడు. జాంగో మైగ్రేషన్లనే చూడండి. ఖాళీగా ఉండకూడని కాలమ్‌ను డిఫాల్ట్ విలువ లేకుండా చేర్చబోతే అది ఆగి, పాత వరసలకు ఏ విలువ పెట్టమంటావని అడుగుతుంది. కాలమ్ పేరు మారిస్తే, మార్చావా లేక పాతది తీసేసి కొత్తది పెట్టావా అని అడుగుతుంది. ఆ ప్రశ్నలకు బెదిరి జాంగో వదిలేసినవాళ్లు ఉన్నారని ఎవరూ వాదించరు.

క్యాష్ ఉండగా ఇంత ఆరాటమెందుకన్నది రెండోది. రైల్స్ వర్గంలో దీనికి గట్టి రూపమే ఉంది. పేజీ ముక్కలను ఒకదానిలో ఒకటి పొదిగి క్యాష్ చేస్తే, మారని ముక్కకు క్వెరీ వేయాల్సిన అవసరమే రాదు. అప్పుడు ముందే అన్నీ తెచ్చుకోవడమే వృథా, లేజీ లోడింగే లాభం. ఆలోచించి తీసుకున్న నిర్ణయంగా ఇది సమంజసమైనదే. కానీ క్యాష్ ఖాళీగా ఉన్న క్షణంలో, ఒక్కో వాడుకరికి ఒక్కో రకంగా కనబడాల్సిన పేజీలో ఈ కవచం పనిచేయదు. తెలిసి వదిలేసిన 50 క్వెరీలకూ, తెలియక పడుతున్న 50 క్వెరీలకూ తేడా ఉంది.

మూడోది సూక్ష్మమైనది. జాంగో టెంప్లేట్లు ప్రమాదకరమైన హెచ్‌టీఎమ్‌ఎల్ గుర్తులను చడీచప్పుడు లేకుండా మార్చేస్తాయి, ఆ మౌనం వల్లే ఎన్నో సైట్లు స్క్రిప్ట్ దాడుల నుంచి బయటపడ్డాయి కదా, మౌనాన్ని తప్పుపట్టడం ఎలా అని. ఇది వాదనను పడగొట్టదు, పదునుపెడుతుంది. అక్కడ మౌనం క్షేమం వైపు మొగ్గింది. ప్రమాదం వైపు వెళ్లాలంటే ఇది సురక్షితమని డెవలపర్ తన కోడ్‌లో రాసి ఒప్పుకోవాలి. లేజీ లోడింగ్, సేవ్, స్లగిఫైలలో మౌనం నష్టం వైపు మొగ్గింది. కాబట్టి నియమం ఇలా ఉండాలి: క్షేమం వైపు పోయే పని చెప్పకుండా చేసినా ఫర్వాలేదు, డేటాను గానీ సమయాన్ని గానీ పోగొట్టే పని చెప్పకుండా చేయకూడదు.

ఇప్పుడు కోడ్ రాసేది ఏఐ సహాయకులు కదా, ఇక ఈ గొడవంతా ఎందుకన్నది తాజా అభ్యంతరం. సహాయకుడు సెలెక్ట్ రిలేటెడ్ పెట్టడం మరిచిపోకపోవచ్చు. కానీ మీ టేబుల్‌లో ఎన్ని వరసలున్నాయో, పండగ అమ్మకాల రోజు ఎంతమంది ఒకే బటన్ నొక్కుతారో దానికి ఎవరో ఒకరు చెప్పాలి. ఎర్రర్, పడిపోయిన పరీక్ష, మించిన క్వెరీ లెక్క ఇవన్నీ మనిషికి ఎంత సమాచారమో ఆ యంత్రానికీ అంతే సమాచారం. మౌనంగా తప్పే పొర ఇద్దరినీ ఒకేలా మోసం చేస్తుంది.

తేలని సంగతులు

మొదటిది డిఫాల్ట్ ఏది ఉండాలన్న ప్రశ్న. జాంగోలో అడగకుండా తెచ్చిపెట్టడమే ఇప్పటికీ డిఫాల్ట్. దాన్ని ఒక్కసారిగా మారిస్తే పాత సైట్లు విరుగుతాయి. అందుకే ఈ ప్రవర్తనను ఎంచుకునే ఫెచ్ మోడ్‌లు 2025లో అభివృద్ధి కోడ్‌లో చేరాయి. వాటిలో ఒకటి ఎర్రర్ విసురుతుంది. ఇంకొకటి, ఒక వ్యాసానికి రచయిత కావాలనగానే జాబితాలోని అన్ని వ్యాసాల రచయితలనూ ఒకే క్వెరీలో తెచ్చేస్తుంది. రెండోది సమస్యను మరింత తెలివిగా దాస్తుంది తప్ప బయటపెట్టదు. గట్టిగా చెప్పడం మేలా, తెలివిగా దాచడం మేలా అన్నది నిజంగానే తేలలేదు. మామూలు పేజీలకు రెండోది చాలునన్న మాటలో బలముంది.

రెండోది నియమాలు ఎక్కడ ఉండాలన్నది. అన్నీ డేటాబేస్‌లో పెడితే వాడుకరికి అర్థమయ్యే ఎర్రర్ సందేశం చూపడం కష్టం. అన్నీ మోడల్‌లో పెడితే రద్దీలో నమ్మకం లేదు. రెండుచోట్లా రాస్తే ఒకటి మార్చి ఇంకొకటి మరిచే ప్రమాదం. మూడోది ఎసింక్. జాంగో 3.1లో ఎసింక్ వ్యూలు, 4.1లో ఓఆర్‌ఎమ్‌కు ఎసింక్ పద్ధతులు వచ్చినా పొర పూర్తిగా మారలేదు. విచిత్రమేమంటే, ఎసింక్ కోడ్‌లో లేజీ లోడింగ్ జరగబోతే జాంగో ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. ఏళ్లుగా కొందరు కోరుకున్న కట్టడి వేరే కారణంతో దొడ్డిదారిన వచ్చింది. నాలుగోది భాషల సంగతి. తెలుగు లింకును తెలుగులోనే ఉంచాలా, ఇంగ్లిష్ లిపిలోకి మార్చాలా, వరస సంఖ్యతో సరిపెట్టాలా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు. మూడు పద్ధతులూ వాడుకలో ఉన్నాయి.

తీర్పు

ఇప్పటివరకు ఉన్న సాక్ష్యం ఓఆర్‌ఎమ్‌ను పారేయమని చెప్పదు, ఎస్‌క్యూఎల్ అవసరం తీరిపోయిందనీ చెప్పదు. వరసలను చేర్చడం, మార్చడం, మామూలు జాబితాలు, మారే వడపోతలు ఓఆర్‌ఎమ్‌కే వదలాలి. నివేదికలు, పెద్ద లెక్కలు ఎస్‌క్యూఎల్‌లో రాయాలి. రెండు చోట్లా మౌనాన్ని తగ్గించే పనులు మాత్రం తప్పనిసరి. అభివృద్ధి యంత్రంలో లేజీ లోడింగ్‌ను ఎర్రర్‌గా మార్చాలి, ఫ్రేమ్‌వర్క్‌లో ఆ వీలు లేకపోతే వెళ్తున్న క్వెరీలను చూపించే పనిముట్టు పెట్టుకోవాలి. ప్రతి జాబితా పేజీకీ క్వెరీల సంఖ్యను బిగించే ఒక పరీక్ష ఉండాలి. ఒకసారే ఉండాల్సింది, సున్నా కంటే తగ్గకూడనిది డేటాబేస్ నిబంధనగా రాయాలి. పరీక్ష డేటాలో గుణింతాలూ ఒత్తులూ ఉన్న తెలుగు శీర్షికలు తప్పకుండా ఉండాలి.

అమీర్‌పేటలోనైనా మరెక్కడైనా ఫుల్ స్టాక్ కోర్సులు నడిపేవాళ్లకు ఒక విన్నపం. మోడల్ క్లాసు రాయడం నేర్పిన రోజే, దాని వెనక వెళ్లే ఎస్‌క్యూఎల్‌ను తెర మీద చూపించండి. విద్యార్థి చేతే 51 క్వెరీలు లెక్కపెట్టించి, వాటిని ఒకటిగా కుదింపజేయండి. ఫ్రేమ్‌వర్క్ మారినా ఆ పాఠం మారదు.